అంతరిక్షం చూసి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవచ్చా?

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున చెన్నై పెరంబూరులో మా మేడ మీద సందడిగా ఉంటుంది. మబ్బు లేకపోతే ఉత్తరం దిక్కున, నీళ్ల ట్యాంకుల వరస పైన, నిప్పు చుక్క ఒకటి లేచి సముద్రం వైపు ఒంగుతూ పోవడం కనిపిస్తుంది. మొన్నొకసారి అలా చూస్తూ హ్యూస్టన్‌లో ఉన్న మా అక్క కొడుక్కి వీడియో కాల్‌లో చూపించాను. మనకు పొద్దున, వాడికి రాత్రి. వాడికి ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది, 2028లో అధ్యక్ష ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేయబోతున్నాడు. "పిన్నీ, మా ఆఫీసులో ఒకాయన చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే అభ్యర్థికే నా ఓటు అంటాడు. ఇంకొకావిడేమో ఆసుపత్రి బిల్లు కట్టలేక జనం అల్లాడుతుంటే చంద్రుడెందుకు అంటుంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, నాకే తేలడం లేదు" అన్నాడు.

నాకూ వెంటనే తేలలేదు. కూర్చుని చదివితే అర్థమైందేమిటంటే, ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి: అంతరిక్ష అన్వేషణకు విలువ ఉందా అన్నది ఒకటి, ఆ విలువ అధ్యక్షుడి చేతిలో ఎంత ఉంది అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవునని జవాబు చెప్పుకున్నంత మాత్రాన రెండోది తేలిపోదు.

## మన రాష్ట్రపతి వేరు, వాళ్ల అధ్యక్షుడు వేరు

ఇంగ్లీషులో రెంటికీ ప్రెసిడెంట్ అనే ఒకే మాట ఉండటంతో మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. మన రాష్ట్రపతిని ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, ఆయన మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకుంటారు. అంతరిక్షం, రాష్ట్రపతి పదవి కలిసిన సందర్భం మన చరిత్రలో అబ్దుల్ కలాం గారిదే. 1980లో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3కి ఆయన ప్రాజెక్టు డైరెక్టరు. 2002 జూన్‌లో ఇక్కడే, మన అన్నా యూనివర్సిటీలో ఉండగా ప్రధాని వాజపేయి ఫోన్ చేసి, రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడతారా అని అడిగారు. కానీ రాష్ట్రపతి అయ్యాక కూడా ఇస్రో బడ్జెట్‌లో రూపాయి పెంచే అధికారం ఆయనకు లేదు, ఎందుకంటే మన అంతరిక్ష శాఖ ఉండేది ప్రధానమంత్రి కింద.

అమెరికాలో అధ్యక్షుడే ప్రభుత్వాధినేత. నాసాకు అధిపతిని నామినేట్ చేసేది, ఏటా బడ్జెట్ ప్రతిపాదించేది, చంద్రుడా అంగారకుడా అని దారి చెప్పేది ఆయనే. పోలిక పెట్టాలంటే మన ప్రధానితో పెట్టాలి, అదీ సగమే సరిపోతుంది. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

## ఒక్క మాటలో మూడు పనులు

ఈ విషయం మీద జరిగే వాదనల్లో సగం 'అంతరిక్షం' అన్న మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు వాడటం వల్లే వస్తాయి. పైకి పోయే వాటిలో మూడు రకాల పనులున్నాయి. వాతావరణం, టీవీ, దారి చూపించే జీపీఎస్ లాంటివి భూమ్మీది అవసరాలకు ఆకాశాన్ని వాడుకోవడం. శత్రువును గమనించే ఉపగ్రహాలు రక్షణ పని. ఇక చంద్రుడు, అంగారకుడు, తోకచుక్కలు, దూరపు నక్షత్రాలు, అక్కడికి యంత్రాలనో మనుషులనో పంపడం, ఇది అన్వేషణ.

మన దగ్గర మొదటిదీ మూడోదీ ఇస్రోనే చూస్తుంది కాబట్టి మనకు ఈ తేడా అంతగా పట్టదు. అమెరికాలో జీపీఎస్ నడిపేది మిలిటరీ, వాతావరణ ఉపగ్రహాల బాధ్యత నోవా అనే వేరే సంస్థది, నాసాకు ముఖ్యంగా అన్వేషణ, పరిశోధన. అందుకే "నాసాకు డబ్బు తగ్గిస్తే ఫోన్లో మ్యాప్ ఆగిపోతుంది" అనే వాదన సరికాదు. టెఫ్లాన్, వెల్క్రో నాసా కనిపెట్టిందనేది కూడా తప్పే, రెండూ అంతకు ముందే ఉన్నాయి. అలాగని ఏమీ రాలేదనీ కాదు. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న కెమెరా సెన్సర్ల రకం 1990ల్లో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో, అంతరిక్ష నౌకలకు చిన్న కెమెరాలు కావాలని చేసిన పని నుంచి ఎదిగిందే.

## వందలో 37 పైసలు

2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం మొత్తం ఖర్చు సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు, అందులో నాసాకు ఇచ్చింది దాదాపు 2,490 కోట్ల డాలర్లు. అంటే ప్రభుత్వం వంద రూపాయలు ఖర్చు పెడితే నాసాకు 37 పైసలు. జనాభాతో భాగిస్తే మనిషికి ఏడాదికి 73 డాలర్లు పైచిలుకు, నెలకు ఆరు డాలర్లు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే అపోలో పనులు జోరుగా సాగుతున్న 1966లో ఇదే లెక్క వందకు 4 రూపాయల 40 పైసలు.

మన సంగతి చూస్తే, 2025-26 బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు 13,416 కోట్లు. మొత్తం బడ్జెట్ 50 లక్షల కోట్లు దాటింది కాబట్టి వందలో 26 పైసలు, మనిషికి ఏడాదికి తొంభై రూపాయల చిల్లర.

మా వాడి ఆఫీసులో ఆవిడ అన్న ఆసుపత్రి బిల్లుల మాటను ఈ లెక్కతో చూడాలి. అమెరికాలో పెద్దవాళ్ల వైద్యానికి ప్రభుత్వం మెడికేర్ అనే పథకం నడుపుతుంది. నాసా ఏడాది డబ్బంతా తెచ్చి అందులో పోస్తే రెండు వారాలకు కూడా చాలదు. ఇది ఒక వైపు. మరో వైపు చూస్తే అదే డబ్బు, దేశంలో మౌలిక పరిశోధనకు సాయం చేసే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్‌కు రెండున్నర రెట్ల కంటే ఎక్కువ. కాబట్టి "ఇదేం లెక్కలోది కాదు" అనేవాళ్లూ, "మన సొమ్మంతా ఆకాశానికి పోతోంది" అనేవాళ్లూ తమకు కావలసిన పోలికనే ఎంచుకుంటున్నారని గుర్తు పెట్టుకోవాలి.

## ఆకలి ముందా, చంద్రుడు ముందా

ఈ ప్రశ్న మర్యాదగా ఎదురుపడిన రోజొకటి ఉంది. 1969 జూలై 15, అపోలో 11 బయల్దేరడానికి ముందు రోజు. మార్టిన్ లూథర్ కింగ్ తర్వాత ఆయన ఉద్యమాన్ని నడిపిన రాల్ఫ్ అబర్నతీ, పేద కుటుంబాలను, కంచర గాడిదల బళ్లను వెంటబెట్టుకుని రాకెట్ కేంద్రం దగ్గరికి వచ్చాడు. దేశంలో పిల్లలు ఆకలితో ఉన్నారన్నది ఆయన గోడు. నాసా అధిపతి థామస్ పెయిన్ వాళ్లకు ఎదురెళ్లి మాట్లాడాడు. రేపు బటన్ నొక్కకుండా ఉంటే మీరు చెప్పే సమస్యలు తీరేట్టయితే మేం బటన్ నొక్కం అన్నాడు, ప్రయోగం చూడటానికి కొన్ని కుటుంబాలకు చోటూ ఇప్పించాడు. అబర్నతీ ఆ వ్యోమగాములు క్షేమంగా వెళ్లిరావాలని ప్రార్థించాడు. ఇద్దరూ నిజమే మాట్లాడారు. డబ్బు ఆగినంత మాత్రాన అది పేదవాడికి చేరదన్నది పెయిన్ మాటలోని నిజం. దేశం దేన్ని అత్యవసరం అనుకుంటుందో దానికి డబ్బూ తెలివీ ఎలాగో దొరుకుతాయి, పేదరికం ఎప్పుడూ ఆ జాబితాలో ఉండదేం అన్నది అబర్నతీ మాటలోని నిజం. ఇన్నేళ్ల తర్వాత చదివినా రెండోదానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

మన తీరం వాళ్లకు ఈ లెక్కలో ఇంకో ముఖం కనిపిస్తుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 2013లో ఫైలిన్ తుపాను కూడా భయంకరమైనదే, కానీ ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి లక్షల మందిని ముందే తరలించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. ఇందులో ఉపగ్రహాల పాత్ర పెద్దదే, అయితే రాడార్లు, తుపాను షెల్టర్లు, ఊరూరా తిరిగి జనాన్ని బళ్లెక్కించిన ఉద్యోగులు కూడా అంతే ముఖ్యం. పైగా ఇది ఆకాశాన్ని వాడుకోవడం వల్ల వచ్చిన ఫలం, అన్వేషణ ఫలం కాదు. చంద్రుడి మీదికి వెళ్లడాన్ని సమర్థించడానికి తుపాను హెచ్చరికను సాక్ష్యంగా తెస్తే సాక్ష్యం సరిపోదు.

మరి అన్వేషణకు దానికంటూ సొంత విలువ ఏమిటి? 2022 సెప్టెంబరులో నాసా వారి డార్ట్ నౌక డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని కావాలనే ఢీకొట్టి, అది తన పక్కనున్న పెద్ద శకలం చుట్టూ తిరిగే సమయాన్ని 32 నిమిషాలు తగ్గించింది. భూమి మీదికి ఎప్పుడైనా ఒక రాయి వస్తే దారి మళ్లించగలమా అన్న ప్రశ్నకు మనుషుల దగ్గర ఉన్న మొదటి జవాబు అదే. ఇక చంద్రయాన్-1 మోసుకెళ్లిన పరికరాల్లో నాసావాళ్లది ఒకటి చంద్రుడి నేల మీద నీటి జాడ చూపింది. దాని వల్ల రేపు ఏ వస్తువు చవకవుతుందని అడిగితే ఎవరూ చెప్పలేరు. తెలుసుకోవడం కూడా ఒక అవసరమే అనుకునేవాళ్లకు ఈ విలువ స్పష్టంగా కనిపిస్తుంది, అనుకోనివాళ్లకు లెక్కలతో నిరూపించడం కష్టం.

## అధ్యక్షుడి చేతిలో ఉన్నదెంత

ప్రధానితో పోలిక సగమే సరిపోతుందని అన్నది ఇందుకే. మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్న ప్రధాని బడ్జెట్ దాదాపు పెట్టినట్టే గట్టెక్కుతుంది. అమెరికాలో అధ్యక్షుడిది ప్రతిపాదన మాత్రమే, ఖజానా తాళం కాంగ్రెస్ దగ్గరుంటుంది. ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు.

1993 జూన్‌లో, తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంగా మారిన అంతరిక్ష కేంద్రాన్ని ఆపేయాలన్న సవరణ ప్రతినిధుల సభలో 215 కి 216 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. అప్పటి అధ్యక్షుడు క్లింటన్ కేంద్రం వైపే ఉన్నాడు, అయినా దాని ప్రాణం ఆ ఒక్క ఓటు మీద నిలబడింది. 2010లో ఒబామా ప్రభుత్వం చంద్ర యాత్రకు ఉద్దేశించిన కాన్‌స్టెలేషన్ కార్యక్రమాన్ని ఆపేస్తామంది. కాంగ్రెస్ అదే ఏడాది చట్టం చేసి పెద్ద రాకెట్‌ను మళ్లీ పుట్టించింది, ఓరియన్ నౌకనూ బతికించింది. ఆ రాకెట్టే 2022 నవంబరులో ఆర్టెమిస్ 1 పేరుతో ఓరియన్‌ను పైకి పంపింది, ఓరియన్ చంద్రుణ్ణి చుట్టి వచ్చింది. 2025లో ట్రంప్ ప్రభుత్వం నాసా బడ్జెట్‌ను సుమారు 2,480 కోట్ల డాలర్ల నుంచి 1,880 కోట్లకు, అందులో సైన్సు భాగాన్ని దాదాపు సగానికి తగ్గించాలని ప్రతిపాదిస్తే, రెండు పార్టీల సభ్యులూ కాదన్నారు, మొత్తం పాత స్థాయికి దగ్గర్లోనే నిలిచింది.

కాంగ్రెస్ ఇలా అడ్డుపడటానికి సైన్సు మీది ప్రేమ ఒక్కటే కారణం కాదు. అలబామాలో హంట్స్‌విల్, టెక్సాస్‌లో హ్యూస్టన్, ఫ్లోరిడాలో కేప్ కెనవరాల్, ఈ ఊళ్లన్నీ ఆ ఉద్యోగాల మీద బతుకుతున్నాయి. సభ్యుడు తన ఊరి ఉద్యోగం కాపాడుకుంటాడు, దాంతో కొన్ని మంచి కార్యక్రమాలు బతుకుతాయి, కొన్ని ఖరీదైనవి ఆపాల్సిన చోట ఆగవు కూడా.

అలాగని అధ్యక్షుడు ఉత్సవ విగ్రహం కాదు. దిశ మార్చగలడు, మంచి అధిపతిని తేగలడు, ప్రతిపాదనతోనే ఉద్యోగుల్లో టెన్షన్ పెట్టగలడు. కోత చివరికి జరగకపోయినా, జరుగుతుందేమోనన్న భయంతో అనుభవజ్ఞులు వెళ్లిపోతే ఆ నష్టం బడ్జెట్ పట్టికలో కనిపించదు.

## ఎన్నికల ముందు మాట, తర్వాత మాట

అంతరిక్షం అనగానే అందరికీ గుర్తొచ్చే అధ్యక్షుడు కెనడీ. ఆయన 1960 ప్రచారంలో చంద్రుడి మీదికి మనిషిని పంపుతానన్న మాట లేదు. రష్యా కంటే క్షిపణుల్లో వెనకబడ్డామన్నదే అప్పటి నినాదం. గెలిచాక 1961 ఏప్రిల్‌లో గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు, అదే నెలలో క్యూబాలో అమెరికా పరువు పోయింది, మే 25న కెనడీ చంద్రుడి లక్ష్యం ప్రకటించాడు. 1962 నవంబరులో నాసా అధిపతితో మాట్లాడుతూ, తనకు అంతరిక్షం మీద అంత ఆసక్తి లేదని, రష్యాను దాటడమే ముఖ్యమని అన్న మాటలు టేపులో ఉన్నాయి. అంటే 1960లో అంతరిక్షాన్ని చూసి ఓటు వేసినవాడికి అపోలో వస్తుందని తెలిసే దారే లేదు.

తిరగబడ్డ ఉదాహరణ 1989. తొలి అడుగుకు ఇరవై ఏళ్లు నిండిన రోజున పెద్ద బుష్ చంద్రుడికి మళ్లీ వెళ్దాం, అక్కడి నుంచి అంగారకుడికి అన్నాడు. ఖర్చు దశాబ్దాల మీద దాదాపు 50 వేల కోట్ల డాలర్లన్న అంచనా బయటికొచ్చేసరికి కాంగ్రెస్ పట్టించుకోలేదు. మనసున్నా పని జరగలేదు.

ఒబామా సంగతి ఇంకా చిక్కు. 2007 నవంబరులో ఆయన ప్రచార పత్రం, పిల్లల చదువు పథకానికి డబ్బు కోసం కాన్‌స్టెలేషన్‌ను అయిదేళ్లు వెనక్కి జరపాలంది. 2008 ఆగస్టులో, ఫ్లోరిడాలో రాకెట్ కేంద్రం పక్కనే ఉన్న టైటస్‌విల్‌లో నిలబడి అంతరిక్ష కార్యక్రమానికి అండగా ఉంటానన్నాడు, అదే నెలలో వచ్చిన ప్రచార పత్రం 2020కల్లా చంద్రుడికి తిరిగి వెళ్లే లక్ష్యానికి మద్దతు అంది. 2010లో దాన్నే ఆపేద్దామన్నాడు. మాట తప్పాడని కొందరంటారు. 2009లో వేసిన నిపుణుల కమిటీ ఈ డబ్బుతో ఈ పని అవదని తేల్చాక ఆపడమే నిజాయితీ అని మరికొందరు. నాకు రెండోదే సబబనిపిస్తుంది, కానీ టైటస్‌విల్‌లో ఆ మాట నమ్మి ఓటేసి, తర్వాత ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి అలా అనిపించమని చెప్పలేను.

ఫ్లోరిడా ఎందుకింత ముఖ్యం అంటే, 2000లో అక్కడ చిన్న బుష్ గెలిచింది 537 ఓట్ల తేడాతో, దాంతోనే అధ్యక్ష పదవి దక్కింది. అభ్యర్థులు ఆ రాష్ట్రంలో అంతరిక్షం గురించి మాట్లాడటానికి, అయోవాలో మొక్కజొన్న గురించి మాట్లాడటానికి కారణం ఒకటే. 2012 జనవరిలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే పోటీలో న్యూట్ గింగ్రిచ్ అక్కడికి వెళ్లి, తన రెండో పదవీకాలం ముగిసేలోపు చంద్రుడి మీద శాశ్వత స్థావరం ఉంటుందన్నాడు. ఒక డిబేట్‌లో మిట్ రామ్నీ, నా కంపెనీలో ఎవరైనా అంత ఖర్చు ప్లాన్‌తో వస్తే ఉద్యోగం నుంచి తీసేస్తానన్నాడు. ఆ ఫ్లోరిడాలోనే రామ్నీ గెలిచాడు.

## ఇది మన ఊళ్లదాకా ఎలా వస్తుంది

ఆ దేశపు ఎన్నిక, వాళ్ల గొడవ అనుకోవచ్చు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు వాడుకోనిచ్చింది, దానితో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు అందాయి, అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. అదే అమెరికా 1992లో ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది, మరుసటి ఏడాది రష్యా మనకు అతి చల్లని ద్రవ ఇంధనంతో పనిచేసే క్రయోజెనిక్ ఇంజిన్ల విద్య ఇవ్వకుండా ఒత్తిడి తెచ్చింది. రష్యా తయారుచేసిన ఇంజిన్లు మాత్రం అమ్మింది, తయారీ నేర్పలేదు. మనం సొంతంగా నేర్చుకుని విజయవంతంగా ఎగరేసేసరికి 2014 జనవరి అయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇస్రో, నాసా కలిసి నైసార్ అనే రాడార్ ఉపగ్రహానికి ఒప్పందం రాసుకున్నాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి దాన్ని పైకి తీసుకెళ్లిన జీఎస్ఎల్వీలో ఉన్నది మన క్రయోజెనిక్ ఇంజినే. ఒకప్పుడు వాళ్లు మనకు దక్కకూడదనుకున్న విద్యే నాసా రాడార్‌ను మోసుకెళ్లిందంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఒప్పందానికీ ప్రయోగానికీ మధ్య అక్కడ ఒబామా, ట్రంప్, బైడెన్, మళ్లీ ట్రంప్.

మన దగ్గరా ఇంతే. చంద్రయాన్‌ను 2003 ఆగస్టు 15న వాజపేయి ప్రకటించారు, 2008లో మన్మోహన్ సింగ్ కాలంలో వెళ్లింది. మంగళయాన్‌ను మన్మోహన్ ప్రకటించారు, అంగారకుణ్ణి చేరేసరికి మోదీ ప్రధాని. మనకు కలిసొచ్చింది, తర్వాత వచ్చినవాళ్లు ముందువాళ్ల పనిని ఆపలేదు.

## ఓటులో దీని బరువు

అంతరిక్షానికి ఓటులో చోటే లేదనేవాళ్ల వాదన బలమైనదే: అభ్యర్థి చెప్పింది జరుగుతుందన్న నమ్మకం లేదు, డబ్బు కాంగ్రెస్ చేతిలో, పైగా యుద్ధం, వైద్యం, వీసాలు, ధరలు మనుషుల్ని ఈరోజే తాకుతాయి. మా వాడికైతే వీసా చట్టాల సంగతి మరీ దగ్గరిది, వాడి భార్య ఇంకా గ్రీన్ కార్డు క్యూలోనే ఉంది. ఇటువైపు వాళ్లేమో, ఓట్లు రాని చోట, ఫలితం తన హయాంలో కనిపించని చోట అభ్యర్థి ఎలా నిర్ణయిస్తాడన్నది అంతరిక్షంలో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదంటారు. ముందున్నవాడి ప్రాజెక్టును పేరు మార్చకుండా కొనసాగిస్తాడా, డబ్బెక్కడిదో చెప్తాడా, శాస్త్రవేత్తలు కాదంటే వింటాడా. ట్రంప్ 2017లో మొదలుపెట్టిన చంద్ర యాత్రను పార్టీ వేరైనా బైడెన్ ఆపకపోవడాన్ని ఈ కోణంలో మెచ్చుకునేవాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. నేను ఈ రెండో పక్షం వైపే కొంచెం మొగ్గుతాను, అయితే మిగతా అన్నిట్లో ఇద్దరు అభ్యర్థులూ ఒకటే అనిపించినప్పుడు మాత్రమే ఇది తూకం మార్చాలి.

ఇదంతా చెప్తే మా వాడు ఒక్కటే అడిగాడు, ఇప్పుడు నడుస్తున్నవాటిలో నేను ఓటేసేవాళ్ల చేతిలో పడేది ఏదని. శనిగ్రహపు చందమామ టైటాన్ మీద ఎగరడానికి డ్రాగన్‌ఫ్లై అనే నౌకను నాసా తయారుచేస్తోంది. 2019లో ఎంపికైంది. అనుకున్నట్టు జరిగితే 2028 జూలైలో బయల్దేరుతుంది, అంటే మా వాడు హ్యూస్టన్‌లో క్యూలో నిలబడే నాటికి అది దారిలో నాలుగో నెలలో ఉంటుంది. టైటాన్ చేరేది 2034లో. 2028లో గెలిచినవాళ్ల మొదటి పదవీకాలం 2033 జనవరిలోనే అయిపోతుంది.